పల్నాటి పుల్లరి



ఈ వేళ నేను చెప్పబోయేది ఎరువుల మోతాదు కాదు, పురుగుమందుల పాళ్ళూ కాదు. నూరేళ్ళనాటి ఒక సంగతి. వ్యవసాయ విస్తరణాధికారికి చరిత్రతో ఏం పని అని మీరు అడగవచ్చు. అడగడం న్యాయమే. డిప్లొమా చదువులో మాకు నేల గురించి చెప్పారు, విత్తు గురించి చెప్పారు, తెగుళ్ళ గురించి చెప్పారు. పుల్లరి గురించి మాత్రం ఎవ్వరూ చెప్పలేదు. అది నాకు చెప్పినవాడు దుర్గి వైపు ఒక ముసలి రైతు. చెప్పాడనేకంటే నిలదీశాడనడం సబబు.

మూడేళ్ళ కిందటి మాట. జూన్ 5వ తేదీ ప్రపంచ పర్యావరణ దినం. 1972లో స్టాక్‌హోం నగరంలో దేశదేశాలవారు సమావేశమై, గాలి, నీరు, నేల పాడవుతున్నాయని మాట్లాడుకున్నారు. ఆ మరుసటి ఏడు నుంచి ఈ దినం జరుపుతున్నారు. ఆ సందర్భంగా మేము కొందరం ఒక జీపు, ఒక మైకు, నూరు మొక్కలు వేసుకుని ఊరూరా ప్రసంగాలు చేయడానికి బయలుదేరాము. మాచర్ల వైపు రెండు ఊళ్ళు ముగించుకుని, పొద్దు వాలేసరికి దుర్గి మండలంలో మూడో ఊరు చేరాము. రచ్చబండ దగ్గర వేపచెట్టు నీడ. జనం బాగానే వచ్చారు. నాకది మూడో ప్రసంగం గనుక గొంతు బొంగురుపోయింది గాని మాట మాత్రం నలిగి నలిగి సాఫీగా వస్తున్నది. పత్తికట్టె తగలబెట్టకండి అన్నాను. మందు డబ్బాలు కాలవలో పారేయకండి అన్నాను. ఊరికి దక్షిణాన ఇరవై ఎకరాల బంజరు సర్కారు తుమ్మ పట్టిపోతున్నది, దాన్ని బాగుచేసి చుట్టూ కంచె వేసి మొక్కలు నాటుదాము అన్నాను. చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక ఒక పెద్దాయన లేచాడు. చేతిలో ములుగర్ర. "సారూ, ప్రసంగం బాగుంది. ఒక్క మాట. కంచె ఏసినాక మా గొడ్లు యాడ మేయాల?" అన్నాడు.

"కట్టేసి మేపాలి, తాతా" అన్నాను. పుస్తకంలో ఉన్న జవాబు అదే.

"కట్టేసి మేపేదానికి మేత యాడ పండిచ్చాల? నాకుండేది ఎకరం. అందులో పత్తి. పత్తికట్టె తింటదా బర్రె?" అన్నాడు. జనం నవ్వారు. నేనూ నవ్వబోయాను. ఆయన నవ్వలేదు. "మా నాయన చిన్నప్పుడు గూడా ఇట్లాగే గీత గీసినారంట. ఆ గీత దాటినందుకే గదా మించాలపాడులో హనుమంతును కాల్చింది. మీరు సదువుకున్నోళ్ళు. తెల్వదా?" అని కూర్చున్నాడు.

నాకు కన్నెగంటి హనుమంతు పేరు తెలియక కాదు. విగ్రహాలు చూశాను, ఫిబ్రవరిలో దండలు వేయడం చూశాను. దేశం కోసం ప్రాణమిచ్చిన వీరుడని బడిలో చెప్పారు. అది నిజమే. కాని ఆ మనిషి ప్రాణం పోయింది గొడ్ల మేత దగ్గరనే సంగతి నా మనసుకు అంతవరకూ పట్టలేదు. తెచ్చిన మొక్కలు బడి ఆవరణలో పెట్టించి, ఇక నాలుగో ఊరు పోకుండా జీపు వెనక్కు తిప్పించాను. ఆ తర్వాత తీరిక దొరికినప్పుడల్లా ఈ సంగతి చదివాను, పెద్దలను అడిగాను. నేను తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను.

పల్నాడు అనగానే మనకు గుర్తుకు వచ్చేది యుద్ధం. పన్నెండో శతాబ్దంలో కారంపూడి దగ్గర జరిగిన పోరు. ఆ వీరగాథలోనూ గొడ్లున్నవి. కారంపూడిలో కార్తీకమాసంలో వీరుల తిరునాళ్ళు అయిదు రోజులు జరుగుతవి గదా. రాచగావు, రాయబారం తర్వాత వచ్చే మూడో రోజు పేరు మందపోరు. మందను కాపాడబోయి ప్రాణం విడిచిన లంకన్న కథ అది. శ్రీనాథుడు ఈ సీమకు వచ్చి జొన్నకూడు తినలేక చాటుపద్యాలు చెప్పాడని లోకప్రసిద్ధి. మహాకవికి గిన్నెలో జొన్నకూడు కనిపించింది గాని దొడ్లో చొప్పవామి కనిపించినట్లు లేదు. జొన్న గింజ మనిషికి, చొప్ప గొడ్డుకు. ఆ లెక్క మీదనే పల్నాటి సేద్యం వందల ఏళ్ళు నడిచింది.

ఆ రోజుల్లో ఇక్కడికి కాలవలు లేవు. డెల్టా రైతుకు కృష్ణ ఆనకట్ట నీళ్ళున్నవి. పల్నాటి రైతుకు కింద నాపరాయి, పైన ఆకాశం. వాన పడితే పంట, లేకపోతే లేదు. పంట పోయిన ఏడు మనిషిని నిలబెట్టేది మంద. ఒక దూడను అమ్ముకున్నా, నెయ్యి అమ్ముకున్నా, పెంట చేలకు తోలుకున్నా అంతా మందే. చేలల్లో చొప్ప అయిపోయిన ఎండాకాలంలో ఆ మందను నిలబెట్టేది అడవి. దక్షిణాన నల్లమల. ఊళ్ళను ఆనుకుని చిట్టడవులు. సండ్ర, తునికి, బలుసు, రేగు. వాటి కింద గడ్డి. చంద్రవంక, నాగులేరు వంటి వాగులు ఈ కొండల నుంచి దిగివచ్చేవే గనుక గొడ్లకు నీళ్ళూ అక్కడే.

1882లో మద్రాసు ప్రభుత్వం అడవుల చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం ప్రభుత్వం ఫలానా హద్దుల మధ్య అడవి రిజర్వు అని ప్రకటిస్తుంది. ఎవరికైనా అందులో బాటహక్కు గాని, మేతహక్కు గాని ఉంటే గడువులోగా అధికారి ముందు చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే హక్కు పోయినట్లే. కాగితం మీద చూస్తే ఇందులో అన్యాయం కనిపించదు. కాని అడవి అంచున గొడ్లు కాచుకునే మనిషికి ఆ ప్రకటన ఎప్పుడు తెలియాలి, ఎవరు చదివి చెప్పాలి, ఏ భాషలో అర్జీ పెట్టుకోవాలి? తాతనాటి నుంచి తిరిగిన చోటుకు "నాకు హక్కున్నది" అని ఎవరైనా అర్జీ పెట్టుకుంటారా? ఇంట్లో కూర్చోవడానికి అర్జీ పెట్టుకున్నట్లు.

ఆ హద్దు లోపల మేపుకుంటే కట్టవలసినదే పుల్లరి. పుల్లు అంటే గడ్డి, అరి అంటే పన్ను. పశువుకు ఇంతని కట్టి చీటీ తీసుకోవాలి. చీటీ లేని గొడ్డు గీత దాటితే దాన్ని బందెలదొడ్డికి తోలుతారు. బందె గొడ్డును విడిపించుకోవడానికి జుల్మానా, దొడ్లో ఉన్నన్నాళ్ళ మేత ఖర్చు, అక్కడికి పోయిరావడానికి ఒక దినం పని. అది గాక మామూళ్ళు. అడవి ఉద్యోగి ఊళ్ళోకి వస్తే పాలు, పెరుగు, నెయ్యి, కోడి ఎవరో ఒకరి ఇంటినుంచి కదలవలసిందే. పుల్లరి కంటే ఈ మామూళ్ళే ఎక్కువ కసి పుట్టించినవని నా అభిప్రాయం. పన్ను కట్టినవాడికి కనీసం చీటీ ఉంటుంది. పెరుగు పోసినవాడికి ఏమున్నది? అడవి బాధలు ఒక్క పల్నాడువే కావు. రాజధాని అంతటా ఫిర్యాదులు వచ్చి, మద్రాసు ప్రభుత్వమే ఒక కమిటీని వేయవలసి వచ్చింది. ఆ కమిటీ నివేదిక 1913లో వెలువడింది. తర్వాత కొన్ని చోట్ల అడవి పంచాయతీలు పెట్టారు. పల్నాటి రైతుకు గీత మాత్రం గీతగానే ఉన్నది.

ఇక్కడ ఒక మాట నిష్పక్షపాతంగా చెప్పాలి. అడవికి కాపలా అక్కరలేదని నేను అనను. మితిమీరి మేపితే మొలక బతకదు, మేక నోరు పడిన కొమ్మ తిరిగి లేవదు, వాన నీరు నిలవక మట్టి వాగులో పడుతుంది. ఇది మా శాఖ మాట కాదు, కళ్ళతో చూసే సంగతి. ఆనాటి ప్రభుత్వానికి అడవి కావలసి వచ్చింది ముఖ్యంగా కలపకూ, రైలుపట్టాల కింద దిమ్మెలకూ, రాబడికీ అన్నది వేరే విషయం. అసలు లోటు ఏమిటంటే గీత గీసినవాడు గీతకు ఇవతలివాణ్ణి కూర్చోబెట్టి మాట్లాడలేదు.

1921వ సంవత్సరం వచ్చింది. గాంధీగారి సహాయ నిరాకరణం దేశమంతటా నడుస్తున్నది. గుంటూరు జిల్లాలోనైతే ఒక పక్క చీరాల–పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట జనం ఊరే విడిచిపోయారు. మరి కొన్నాళ్ళకు పెదనందిపాడు వైపు భూమిశిస్తు ఆపేశారు. పల్నాడులో గడ్డిపన్ను. ఎవరి మెడమీద ఏ కాడి ఉన్నదో వారు దాన్నే దించుకోబోయారు. పల్నాటి ఊళ్ళలో అడవి ఉద్యోగులకూ, రెవెన్యూ ఉద్యోగులకూ సాంఘిక బహిష్కారం మొదలైంది. మంగలి క్షౌరం చేయడు, చాకలి బట్ట ఉతకడు, కోమటి సరుకు ఇవ్వడు. నిన్నటిదాకా కోడిని అడిగి తిన్నవాడికి ఈనాడు ఉప్పు పుట్టదు.

అప్పుడే గుంటూరు నుంచి ఇద్దరు పెద్దలు పల్నాడు వచ్చారు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులుగారు. లక్ష్మీనారాయణగారు అప్పటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో 1877లో పుట్టినవారు, ఐర్లండు పోయి డబ్లిన్‌లో బారిస్టరు చదివినవారు, గుంటూరులో వితంతు వివాహాలు జరిపించి బంధువుల చేత మాటలు పడినవారు. జిల్లా కాంగ్రెసువారు వీరిని పంపింది రైతుల కష్టసుఖాలు విచారించి రమ్మని. నాకు ఈ సంగతి చదివినప్పుడు నా జీపు, నా మైకు గుర్తుకు వచ్చినవి. నేనూ వీరి మాదిరిగానే పట్నం వైపు నుంచి అడవి మాట చెప్పడానికి వచ్చినవాణ్ణే. వారు ముందు విచారించారు. నేను ముందు ఉపన్యసించాను.

ప్రభుత్వం ఊరుకోలేదు. 1921 జులైలో ఇద్దరినీ పట్టుకుని జామీను ఇమ్మన్నది. ఇవ్వమన్నారు. ఏడాది శిక్ష పడింది. లక్ష్మీనారాయణగారు రాయవేలూరు జైలులో కూర్చుని మాలపల్లి నవల రాశారు. తెలుగు పల్లెలోని కూలివాడి బతుకును అంత వివరంగా చూపిన పుస్తకం అంతకుముందు లేదు. ప్రభుత్వం దాన్నీ నిషేధించింది. మన గ్రంథాలయాల్లో ఇప్పుడు దొరుకుతుంది, చదవనివారు చదవండి.

నాయకులను జైల్లో పెడితే మాట ఆగుతుందనుకున్నారు. ఆగలేదు. పర్మిట్టు చీటీ లేకుండానే మందలు గీత దాటినవి. రిజర్వులోకి తోలారు. దానివల్ల అడవికి కొంత నష్టం జరిగే ఉంటుంది. దాచడం ఎందుకు? తలుపు వేసినవాడి మీద కోపంతో తలుపు పగలగొట్టినప్పుడు ఇంటికి కూడా దెబ్బ తగులుతుంది.

మించాలపాడు దుర్గి మండలంలో ఉన్నది. కన్నెగంటి హనుమంతుగారు ఆ ప్రాంతపు రైతు. చెప్పుకోదగిన మంద ఉన్నవాడు, నలుగురు మాట వినేవాడు. పుల్లరి కట్టనన్నాడు. ఆయన కట్టనంటే చుట్టుపక్కల ఊళ్ళూ కట్టనన్నవి. 1922 ఫిబ్రవరిలో సాయుధ పోలీసులు వచ్చారు. పన్ను కింద గొడ్లను తోలుకుపోబోయారు. జనం పోగయ్యారు. తుపాకులు పేలినవి. హనుమంతుగారు నేలకొరిగారు, ఆయన తోటివారిలోనూ ప్రాణాలు పోయినవి. గుండ్లు తగిలి పడి ఉన్న మనిషి దాహమని అడిగితే నీళ్ళు పోయనివ్వలేదని ఇప్పటికీ ఆ వైపు ఊళ్ళలో చెప్పుకుంటారు.

ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టిన విషయం ఒకటి ఉన్నది. చౌరీచౌరాలో హింస జరిగిందని గాంధీగారు కలతచెంది, ఫిబ్రవరి 12న బార్డోలీలో శాసనధిక్కారం ఆపాలని కాంగ్రెసు చేత తీర్మానం చేయించారు. మించాలపాటి కాల్పులు జరిగింది ఆ తర్వాత. పైన పోరాటం ఆగిపోయింది. కింద, అడవి అంచున, గొడ్లకు మాత్రం ఆకలి ఆగలేదు. పెద్ద నాయకులకు పుల్లరి స్వరాజ్యంలో ఒక భాగం. మించాలపాటి వారికి అదే ఆ పూట గాసం.

తర్వాతి సంగతులు మీకు తెలిసినవే, త్వరగా చెబుతాను. దేశం స్వతంత్రమైంది. 1950లో ఆహార, వ్యవసాయ మంత్రిగా ఉన్న మున్షీగారు వనమహోత్సవం ప్రారంభించారు; ప్రతి జులైలోనూ మొక్కలు నాటడం, ప్రసంగాలు చేయడం అలవాటైంది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరుకు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలవలకు నీళ్ళు వదిలారు. కుడికాలవ పారినచోట పల్నాడు మారిపోయింది. ఇది చిన్న మేలు కాదు. జొన్నకూడు సీమలో వరి అన్నం వచ్చింది. కాని జొన్న పోతూ పోతూ చొప్పను కూడా తీసుకుపోయింది. పత్తి వచ్చింది, మిరప వచ్చింది. పత్తికట్టె బర్రె తినదు గదా! ట్రాక్టరు వచ్చాక ఎడ్లు తగ్గినవి. 1980లలో పత్తిమీద కొత్తరకం మందులు ఎడాపెడా కొట్టాము, తెల్లదోమ రెచ్చిపోయింది, 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నారు. మందు కొట్టమని చెప్పినవారిలో మా ఉద్యోగం చేసినవారూ ఉన్నారు. అందుకనే మేము ఊళ్ళోకి పోయి పర్యావరణం అంటే పెద్దవారు ఒక చూపు చూస్తారు. ఆ చూపుకు మేము తగినవారమే.

అడవి వైపు నుంచీ మార్పు వచ్చింది. 1882 చట్టం పోయి 1967లో ఆంధ్రప్రదేశ్ అడవుల చట్టం వచ్చింది. 1992 నుంచి వన సంరక్షణ సమితులు పెట్టి, అడవి కాపలాలోనూ ఫలసాయంలోనూ ఊరివారికి పాలు ఇవ్వడం మొదలైంది. 2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. గీతకు ఇవతలివాణ్ణి కూర్చోబెట్టి మాట్లాడాలన్న సంగతి కాగితం మీదకు రావడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. కొన్ని సమితులు బాగా పనిచేసినవి, కొన్ని బోర్డుల మీద మిగిలినవి.

ఇక ఆ ఊరికి మళ్ళీ వస్తాను. మరుసటి ఏడు వేసవిలో నేను అక్కడికి మైకు లేకుండా పోయాను. మోటారుసైకిలు మీద ఒక్కణ్ణే. ఆ పెద్దాయనను వెతుక్కుని, "తాతా, ఆ బంజరు ఎవరెవరికి ఏ విధంగా పనికొస్తున్నదో చూపించు" అన్నాను. ఆయన పైకీ కిందకీ చూసి, "ఎండలో తిరగగలవా సారూ?" అన్నాడు. తిరిగాము. ఇరవై ఎకరాలు తిరగడానికి పూట పట్టింది. నేను పనికిరాని నేల అనుకున్న చోట మూడు బాటలున్నవి. ఒకటి గొర్రెలవాళ్ళు కొండవైపు పోయే బాట. ఒకటి బర్రెలు కుంటకు పోయే బాట. మూడోది ఆడవాళ్ళు తుమ్మకట్టె తెచ్చుకునే బాట. అది మగవాళ్ళలో చాలామందికి తెలియదు. నేను వేయిద్దామన్న కంచె ఈ మూడింటినీ అడ్డంగా కోసేది.

ఆ సాయంత్రం వేపచెట్టు కింద కూర్చున్నాము. గొర్రెలవాళ్ళను పిలవాలని తాతే అన్నాడు. అంతకుముందు మా సభలకు వాళ్ళను ఎవరూ పిలవలేదు. రెండు రాత్రులు వాదులాడుకున్నారు. చివరకు తేలింది ఏమంటే: బంజరులో ఏడు ఎకరాలు మాత్రం ముందు మూయాలి, బాటలు విడిచిపెట్టాలి, మూసినచోట కోసుకుపోవచ్చు గాని తోలరాదు, మూడేళ్ళకు అది తెరిచి మరొక ముక్క మూయాలి. కంచె ముళ్ళతీగతో కాదు, తుమ్మకంపతోనే. నేను ఇచ్చింది గడ్డివిత్తనం, నాలుగు మాటలు.

ఆ మాటలు మీకూ పనికివస్తవి గనుక చెబుతాను. తొలకరిలో స్టైలో హమాటా విత్తనం ఎకరాకు నాలుగైదు కిలోలు చల్లుకోవచ్చు. విత్తనం పైపొర గట్టిది. వేడినీళ్ళలో కొద్ది నిమిషాలు ముంచి తీసి, రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరబెట్టి చల్లితే బాగా మొలుస్తుంది. గట్లమీద అవిసె వేసుకోండి. వరికోసిన మళ్ళలో తేమ ఉండగానే పిల్లిపెసర చల్లండి. వరిగడ్డి ఉన్నవారు నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా యాభై అరవై లీటర్ల నీళ్ళలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచితే గొడ్డు ఇష్టంగా తింటుంది. యూరియా తూచి వేయండి, చేతి అంచనాతో వద్దు. ఆరు నెలల లోపు దూడలకు ఈ గడ్డి పెట్టవద్దు.

అంతా నేను చెప్పినట్లే జరిగిందని అనుకోవద్దు. మొదటి ఏడు వాన మొహం చాటేసి సగం విత్తు మాడిపోయింది. అవిసె మొక్కలు చాలావాటిని మేకలు కొరికి పెట్టినవి. ఎవరి మేకలో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. మునగ ఒక్కటి నిలబడింది. రెండో ఏడు వాన సరిగా పడింది. సెప్టెంబరు చివర నేను పోయేసరికి ఆ ఏడు ఎకరాల్లో స్టైలో మోకాలి ఎత్తున పసుప్పచ్చ పూలతో ఉన్నది. ఆడవాళ్ళు నలుగురు కొడవళ్ళతో కోస్తున్నారు. తాత ఒక మోపు కట్టి తలకెత్తుకోబోతూ నన్ను చూసి ఆగాడు.

"ఏం సారూ, ఈ మోపుకు పుల్లరి ఎంత?" అన్నాడు.

మోపు ఆయన తలమీదకు ఎత్తి, నేనూ వెంట నడిచాను.